మా వీధి మూల, అత్తయ్యగారి ఫోటో

గత నెలలో ఒక ఉదయం కాఫీ పెట్టుకుని ఫోన్ తెరిస్తే మా ఆయన ముఖం కనిపించింది. గుంటూరులో ఉండే మా ఆడపడుచు పంపిన కార్డు నమూనా అది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. మా క్రైస్తవ కుటుంబాల్లో ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ప్రార్థన చేయించి, వచ్చినవాళ్లకు భోజనం పెట్టడం ఆనవాయితీ. ఆ రోజు పోయినవాళ్ల ఫోటోతో, పాడబోయే కీర్తనలతో ఒక మడత కార్డు అచ్చువేసి అందరికీ పంచుతారు. ఆ ఫోటో ఏదో పెళ్లిలో తీసిన గుంపు ఫోటోలోంచి కత్తిరించినది. ఆయన భుజం పక్కన నా చీర అంచు ఇంకా మిగిలే ఉంది. వెనక నీలాకాశం, మేఘాలు, ఒక పావురం పెట్టారు. బతికినన్నాళ్లూ ఆయన నేల చూపులు చూసుకుంటూ నడిచిన మనిషి. మేఘాల్లో ఆయన్ని గుర్తుపట్టడానికి నాకే కాసేపు పట్టింది. కార్డు వద్దని రాశాను. వెంటనే ఫోన్ మోగింది.

“ఏంటి వదినా, మా అన్నయ్యకి ఒక కార్డు కూడా వద్దంటావా? వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?”

“ఆయనకి ఇష్టం ఉండేది కాదు. నీకు తెలుసు కదా.”

“అన్నయ్యకి బోలెడు ఇష్టం ఉండేవి కాదు. ఇంజెక్షన్ కూడా ఇష్టం ఉండేది కాదు. పోనీ, పావురం తీసేయిస్తాలే.”

పావురం పోయింది. కార్డు మాత్రం అచ్చయింది. అదే రోజు సాయంత్రం ఇంకో సందేశం వచ్చింది. ఆయన దగ్గర చాలాకాలం కిందట చదువుకున్న ఇథియోపియా విద్యార్థి ఏదో సమావేశం కోసం హైదరాబాదు వస్తున్నాడట, సార్ ప్రార్థనకు తానూ రావచ్చా అని అడిగాడు. రమ్మన్నాను. రమ్మన్న తర్వాత భయం పట్టుకుంది. ఆయన ముఖం ఉన్న కార్డులు మా వీధిలో నేలమీద పడి ఉండడం, వాటి మధ్య నుంచి ఆ ఇథియోపియా అతను నడిచి రావడం నా కళ్లముందు కదిలాయి. ఈ రెంటికీ ఉన్న సంబంధం తెలియాలంటే మా అత్తయ్యగారి దగ్గరికి వెళ్లాలి.

అత్తయ్యగారు శుభ్రత విషయంలో ఎవరినీ నమ్మేవారు కారు. మా ఆయనకు యూనివర్సిటీలో భూగోళశాస్త్రం లెక్చరర్ ఉద్యోగం వచ్చాక, తార్నాకలో ఇల్లు తీసుకున్న రోజునే ఆవిడ గుంటూరు దగ్గరి ఊరు నుంచి రెండు కొబ్బరి చీపుళ్లు వెంట తెచ్చుకున్నారు. హైదరాబాదు చీపుళ్లు దుమ్మును కదిలిస్తాయే తప్ప ఊడ్చవని ఆవిడ అభిప్రాయం. తెల్లారేసరికి గుమ్మం కడిగి, వాకిలి కడిగి, గేటు బయట మూరెడు దాకా నీళ్లు చల్లేవారు. పని మనిషి తోమిన గిన్నెలు మళ్లీ తోమేవారు. అదంతా అయ్యాక ఇంట్లో పోగైన చెత్తను ఒక కవర్లో ముడివేసి, వీధి చివర క్యాంపస్ ప్రహరీ గోడ మూలన పారేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, తృప్తిగా కాఫీ తాగేవారు. వీధిలో అందరూ అంతే. అక్కడ పారేయడం మురికి చేయడమని ఎవరికీ తోచలేదు. శుభ్రం చేయడంలో అది ఆఖరి పని. ఎదురింటి మొదటి అంతస్తులో ఉండే రైల్వే ఆవిడయితే కిందికి కూడా దిగేది కాదు. వాళ్లాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఆవిడ బాల్కనీలో నిలబడి కవరు విసిరితే అది కరెంటు తీగల మీదుగా వెళ్లి గోడ మూలనే పడేది. ఎన్నడూ తప్పింది లేదు. “ఆ పిల్ల గురి చూడు,” అని అత్తయ్యగారు మెచ్చుకునేవారు. ఆవిడ నోట ఇంకెవరి పనికీ నేను మెప్పు వినలేదు.

మా ఆయనకు ఆ మూల అంటే సిగ్గు. శాఖలో విదేశీ విద్యార్థుల బాగోగులు ఆయనకే అప్పగించారు. సూడాన్ నుంచి, ఇథియోపియా నుంచి, నేపాల్ నుంచి పిల్లలు వచ్చేవారు. వాళ్లను స్టేషన్ నుంచి ఆయనే స్వయంగా తీసుకొచ్చేవారు. తిన్నగా వస్తే మా వీధి మూల మీదుగా రావాలని, ఆటోను చుట్టూ తిప్పి పెద్ద గేటు వైపు నుంచి తెచ్చేవారు. ముందు చెట్లు, తర్వాత వెడల్పాటి రోడ్డు, తర్వాత ఆ పెద్ద రాతి భవనం. దేశాన్ని ఆ వరసలో చూపించాలని ఆయన పట్టుదల. “కొత్తగా వచ్చిన మనిషి కంట్లో మొదట ఏది పడితే అదే మన దేశం,” అనేవారు. ఆటో వాళ్లకు ఈ చుట్టుతిరుగుడు అర్థమయ్యేది కాదు. “గీడికెల్లి పోతే ఐదు నిమిషాలు సార్, గట్లెందుకు?” అని ఒకతను అడిగితే ఆయన ఇంగ్లిష్‌లో వాతావరణం గురించి మాట్లాడడం మొదలుపెట్టారట.

ఇథియోపియా కుర్రాణ్ణి కూడా ఆ గేటు నుంచే తెచ్చారు. అతను రాతి భవనాన్ని చూసి నోరు తెరిచాడని ఇంటికొచ్చి నాకు గర్వంగా చెప్పారు. వారం తిరగకుండా ఆ కుర్రాడు హాస్టల్ తిండి పడక అడిక్‌మెట్‌లో గది తీసుకున్నాడు. అక్కణ్ణించి మా ఇంటికి, మా ఇంటి నుంచి డిపార్ట్‌మెంటుకి అతను నడిచే దారి ఆ మూల పక్కనుంచే. ఆయన చుట్టూ తిప్పి దాచినదంతా అతను రోజుకు రెండుసార్లు ముక్కు మూసుకుని చూసేవాడు. మర్యాద తెలిసినవాడు కాబట్టి ఏమీ అనలేదు. అడిక్‌మెట్‌లో టీ కొట్టు దగ్గర తెలుగు నేర్చుకుని, అదే తెలుగు మా ఇంట్లో మాట్లాడేవాడు. అత్తయ్యగారికి అతని భాష సగం అర్థమయ్యేది కాదు. “మన దేశం పిల్లాడు కాదుగా, అందుకే ఆ యాస,” అని సరిపెట్టుకునేవారు. అది హైదరాబాదు యాస అని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అతనికి గోంగూర పచ్చడి అన్నంలో కలిపి పెట్టి, కళ్లనుంచి నీళ్లు కారుతుంటే “తిను అబ్బాయ్, మంచిది,” అనేవారు.

అతని చదువు ఆఖరి సంవత్సరంలో ఆవిడ పోయారు. ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టాం. అతను వెనక వరసలో కూర్చుని, కార్డులో ఉన్న తెలుగు కీర్తనను కూడబలుక్కుంటూ అందరితో పాటు పాడాడు. కార్డు మీద అత్తయ్యగారి ఫోటో చాలా బాగా వచ్చింది. ఆవిడ ఎన్నడూ నవ్వి ఫోటో దిగలేదు, అందులో నవ్వారు. భోజనాలయ్యాక బంధువులు ఎప్పటిలాగే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు అన్నీ పోగుచేసి వీధి మూలకు చేర్చారు. జనం కుర్చీల్లో వదిలేసిన కార్డులు కూడా ఆ పోగులోనే పోయాయి. ఇల్లు కడిగి ముగించాం. పోయిన మనిషి చూసి ఉంటే మెచ్చుకునేంత శుభ్రంగా కడిగాం.

కుర్రాడు చదువు ముగించి వెళ్లిపోయిన కొన్ని నెలలకు, అతని దేశం నుంచే వచ్చిన ఒక జూనియర్ ఒక పత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మా సీనియర్ మన యూనివర్సిటీ గురించి రాశాడు సార్ అని సంతోషంగా బల్లమీద పరిచాడు. లిపి మాకు తెలియదు. ఫోటోలు తెలుసు. ఒకదాంట్లో రాతి భవనం, ఒకదాంట్లో లైబ్రరీ, ఇంకోదాంట్లో మా వీధి మూల. ఆయన ముఖం ఎర్రబడింది. ఏం రాశాడో చదవమన్నారు. జూనియర్ ఇబ్బందిపడుతూ వేలితో వరసలు వెతికి ఇంగ్లిష్‌లో చెప్పాడు. అక్కడి పంతుళ్లు తండ్రుల్లాంటివాళ్లు, అన్నం పెట్టకుండా పంపరు, రోజూ ఇల్లు కడుగుతారు, ఇంటి గేటు దాటాక మాత్రం ఆ నేల ఎవరిదో వాళ్లు ఇంకా తేల్చుకోలేదు అని రాశాడట.

“మన ఇంట్లో తిని, మన దేశం గురించి ఇలా రాస్తాడా?” అన్నారు ఆయన, జూనియర్ వెళ్లాక. మ్యాపులు చూసే భూతద్దం తెచ్చి ఆ ఫోటో మీద పెట్టారు. అది మా మూలేనా, లాలాపేట్ వైపు మరోటా అని తేల్చుకుందామని. అది లాలాపేట్‌ది కావాలని ఆయన ఆశ. కాసేపటికి భూతద్దం నాకిచ్చి పక్కకు జరిగారు. నేను చూశాను. పళ్లేల మధ్య, ఒక నీళ్ల ప్యాకెట్ పక్కన, తెరిచిన కార్డులో అత్తయ్యగారు నవ్వుతున్నారు.

ఆయన ఇంక ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేదు. “అది మనం వేసిందే,” అని మాత్రం అన్నారు. ఆవిడ ముఖాన్ని అక్కడ చూస్తున్నది మేమిద్దరమే. ఆ దేశంలో పత్రిక తిరగేసినవాళ్లకు అదొక చెత్తకుప్ప, అంతే. ఆ మాట చెప్పి ఓదార్చబోయాను. “వాళ్లకు అది ఇండియా. అందులో అమ్మ ఉంది,” అన్నారు.

ఆ తర్వాత ఆయన మా బంధువర్గంలో ఒక సమస్యగా తయారయ్యారు. ఏ కూడికకు వెళ్లినా అయ్యాక గేటు దగ్గర నిలబడి కార్డులు వెనక్కి అడిగేవారు. “చదివేశారా అండీ? దాచుకుంటారా? లేకపోతే ఇటివ్వండి,” అని చేయి చాపేవారు. పోయినవాళ్ల ఇంటివాళ్లు ఆయన్ని పంపారనుకుని కొందరు నొచ్చుకునేవారు. ముద్రణ ఖర్చు మిగుల్చుకోవడానికి అని కొందరు అనేవారు. మా తోడికోడలి తండ్రి ఒకసారి, “పోయింది మా చెల్లెలు, కార్డు అడిగేది మీరా?” అని దెబ్బలాడాడు. పెళ్లిళ్లకు స్టీలు గ్లాసు జేబులో పెట్టుకుని వెళ్లేవారు. వెనక ఆయనకు చెత్త మాస్టారని పేరు వచ్చింది. ఆ పేరు నాకు బాధగా ఉండేది, ఆయనకు ఉండేది కాదు. ఎదురింటి రైల్వే ఆవిడకు మాత్రం ఏమీ చెప్పలేకపోయారు. ఆవిడ కవరు గాల్లో ఉండగానే ఆయన కింద నిలబడి చూస్తూ ఉండేవారు. కొన్నాళ్లకు ఆయన కనబడితే విసరడం ఆపి, లోపలికి వెళ్లి, ఆయన అక్కణ్ణించి వెళ్లాక విసిరేది.

ఇథియోపియా కుర్రాడు పండగలకు ఈమెయిల్ పంపేవాడు. ఆయన ఒక్కదానికీ జవాబు రాయలేదు. రాయమంటే, “ఏమని రాయను? తప్పు రాశావనా, ఒప్పు రాశావనా?” అనేవారు. రాయాలనుకుంటూనే ఆయన రాయకుండా పోయారు. అతను ఆ మౌనాన్ని కోపమనుకునే ఉంటాడని నాకు తెలుసు. ఇప్పుడు అతను వస్తున్నాడు. వచ్చి చూసేది మళ్లీ అదే అయితే, కుప్పలో ఈసారి ఆయన ముఖమైతే, ఆయన ఇన్నేళ్లు గేట్ల దగ్గర చేయి చాపినదంతా నవ్వులాటగా మిగిలిపోతుంది. నా దిగులు అదే.

వంట వాళ్లది లాలాపేట్. ప్లాస్టిక్ గ్లాసులు వద్దని చెప్పడానికి ఫోన్ చేశాను. దానికోసం నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. మొదటి వాక్యంలోనే వంటాయన అందుకున్నాడు. “ప్లాస్టిక్ ఎవరు పెడ్తున్నరు మేడమ్ ఇప్పుడు? మొన్న ఒక ఫంక్షన్ల పెడితే పెండ్లికొడుకు దోస్తులు లొల్లి చేసిండ్రు. స్టీలువే వస్తయి. కడగనీకి మావోళ్లు వస్తరు.” మిగతా మూడు వాక్యాలు నా దగ్గరే ఉండిపోయాయి.

కూడిక రోజు ఇథియోపియా అతను తార్నాక చౌరస్తా నుంచి తిన్నగా మా వీధి మూల మీదుగానే ఆటోలో వచ్చి దిగాడు. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే, “మేడమ్, మంచిగున్నరా?” అన్నాడు. అడిక్‌మెట్ తెలుగు చెక్కుచెదరలేదు. మా ఆడపడుచు గుమ్మం దగ్గర పళ్లెంలో కార్డులు పెట్టుకుని అందరికీ ఇస్తోంది. అతనికీ ఒకటి ఇచ్చింది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ నేను పాస్టరుగారిని వినలేదు. జనం చేతులు చూశాను. ఒక పెద్దాయన కార్డుతో విసురుకుంటున్నాడు. ఒకావిడ దాన్ని మడిచి మనవరాలి నోరు తుడిచింది. నేను కుర్చీలోంచి సగం లేచాను. మనవరాలు ఆ కార్డు లాక్కుని, విప్పి, “తాత ఫోటో నానమ్మా, తుడవొద్దు,” అంది.

భోజనాలయ్యాక బయటికి వచ్చి గేటు పక్కన నిలబడ్డాను. ఆయన నిలబడేచోటే, చేయి మాత్రం చాపలేదు. చెవిన పడిన మాట ఒక్కటే, ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. “డస్ట్‌బిన్ ఎక్కడ ఆంటీ?” నాప్కిన్లు పట్టుకున్న ఆడపిల్లలు, అరటిపండు తొక్క పట్టుకున్న ఒక చర్చి డీకన్, వక్కపొడి కాగితం పట్టుకున్న మా తోడికోడలి తండ్రి కూడా. ఇన్నేళ్లలో మా వీధిలో ఈ ప్రశ్న ఎవరూ అడగగా వినలేదు. మెట్ల పక్కన పెట్టిన రెండు డబ్బాలు చూపించాను. కార్డులు బైబిళ్లలోకి, హ్యాండ్‌బ్యాగుల్లోకి, చొక్కా జేబుల్లోకి వెళ్లిపోయాయి. కుర్చీల కింద వంగి చూశాను. ఏమీ లేవు.

అప్పుడే ఇథియోపియా అతను గేటు దాటాడు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో కార్డు. గేటు ముందు వేసిన షామియానా గుడ్డ గాలికి లేచి అతని చేతిని కొట్టింది. కార్డు ఎగిరి రోడ్డు మధ్యలో పడింది. ఆయన ముఖం పైకి ఉంది. నేను కదిలేలోపే బాల్కనీలోంచి కేక వినిపించింది.

“ఓ అన్నా! ఏంది గది? పెద్దమనిషి ఫోటో రోడ్డు మీద పడేస్తవా? తియ్యి ముందు!”

రైల్వే ఆవిడ. ఇప్పుడు ఆమెకు మోకాళ్ల నొప్పులు, గొంతు మాత్రం అప్పటిదే. అతను పరిగెత్తి కార్డు తీసి, దులిపి, గుండె జేబులో పెట్టుకుని, పైకి చూసి దండం పెట్టాడు. “పడెయ్యలే అమ్మా, గాలికి పడ్డది!”

“గాలి, గాలి! అందరు గట్లనే చెప్తరు. ఫారినోళ్లయితే ఏంది? మా గల్లీల చెత్త ఎయ్యొద్దు!” అని, అతని తెలుగు అప్పుడే చెవికెక్కినట్టు ఆగి, “అరే, అత్తమ్మ కాడ గోంగూర తినెటోడు గదా నువ్వు?” అంది.

నాకు నవ్వు ఆగలేదు. ఏడాదిగా అలా నవ్వలేదు. గేటు పట్టుకుని నవ్వాను. అతను కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే నేను అతనికి భూతద్దం సంగతి, కుప్పలో అత్తయ్యగారి ముఖం సంగతి చెప్పేశాను. చెప్పడం ఇంత తేలికని తెలిస్తే ఇన్నాళ్లు ఆగేదాన్ని కాదు.

“నాకు ఎరకనే లేదు మేడమ్. సార్ నా మీద కోపం చేసిండనుకున్న. అమ్మ ఫోటో ఉన్నదని తెలుస్తే నేను ఫోటో తీస్తుంటినా? కార్డు తీస్తుంటి.” తర్వాత మెల్లగా అన్నాడు. “ఆ పేపర్ చూసి మా అమ్మ గూడ నన్ను తిట్టింది. వాళ్లింట్ల తిని వాళ్ల చెత్త గురించి రాస్తవారా, మన ఊర్ల లేదా అని. మా ఊర్ల గూడ ఉండె మేడమ్. నాకు మా ఊర్లది కనపడకపోయేది.”

కోపం కాదు, జవాబు దొరక్క రాయలేదని చెప్పాను. అతను తలూపి, జేబు మీద చేయి వేసుకున్నాడు. అతని మనసులోంచి ఏదో బరువు దిగడం నేను చూశాను. నాలోంచి దిగినదాన్ని అతను చూశాడో లేదో తెలియదు.

మూల దాకా నడుద్దామన్నాడు. వెళ్లాం. ప్రహరీ గోడకు తెల్ల సున్నం, కింద సిమెంటు అరుగు, దానిమీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న ఇద్దరు విద్యార్థులు, పక్కన ఎవరో పొద్దున వేసి సగం చెరిగిన ముగ్గు. అన్నీ మారిపోలేదు. లాలాపేట్ దారిలో మురుగు నాలా పక్కన ఇప్పటికీ ముక్కు మూసుకోవాలి. అదీ అతనికి చెప్పాను, దాచలేదు. అతను ఫోను పైకెత్తి కాసేపు అటూ ఇటూ తిప్పి దించేశాడు.

“తీయనీకి ఏం లేదు మేడమ్,” అన్నాడు.

అతను వెళ్లాక కూడా నేను ఆ అరుగు మీద కాసేపు కూర్చున్నాను. చెత్త బండి పాట పెట్టుకుని ఎప్పటినుంచి వస్తోందో, రైల్వే ఆవిడ కవరు విసరడం ఎప్పుడు మానిందో, ఇక్కడ మొదటి ముగ్గు ఎవరు వేశారో గుర్తుచేసుకోబోయాను. కుదరలేదు. ఆయన ఈ మూల మీదుగానే నడిచి ఉంటారు, మార్పు చూసే ఉంటారు, నాతో చెప్పేంత పెద్ద విషయంగా ఏ ఒక్క రోజూ కనబడి ఉండదు. ఆయన ఏ రోజున పోయారో నాకు గంటతో సహా తెలుసు. ఈ మూల ఏ రోజున శుభ్రపడిందో మాత్రం, ఇన్నేళ్లూ ఎదురుగానే ఉండి కూడా, నేను చూడలేదు.